బల్ల మీద వాయించిన పాట

నేను కోతలరాయుణ్ణని కెనడాలో, ఈ హామిల్టన్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. మా నాన్న హార్మోనియం ముట్టుకుంటే గోదావరిలో ఎదురీదే పులసలు కాసేపు ఆగి, విని, అప్పుడు వెళ్ళేవని చెప్తే చర్చిలో ఒక్కళ్ళూ నమ్మలేదు గానీ, వచ్చే ఆదివారం మళ్ళీ చెప్పమన్నారు. నాకు అది చాలు. ఇప్పుడు రాయబోయేదాంట్లో పులసలు లేవు. ఉంటే బాగుండేది.

ముసలివాళ్ళ హోమ్‌లో పని నాది. స్నానాలు చేయించడం, డైపర్లు మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, స్పూనుతో తినిపించడం. కొత్తల్లో మా ఊరు నరసాపురానికి ఫోన్ చేసినప్పుడు హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని చెప్పేవాణ్ణి. మేనేజ్ చేస్తున్న మాట నిజమే కదా.

నాలుగో అంతస్తులో చివరి గది చెక్ దేశంనుంచి వచ్చిన ఒకావిడది. ఎనభై దాటాయి. చూపు చాలావరకు పోయింది, వణుకుజబ్బు, పిల్లల్లేరు, స్టీల్ ప్లాంట్‌లో పని చేసిన భర్త ఎప్పుడో పోయాడు. కిటికీలోంచి సరస్సు ఒడ్డున ఆ ప్లాంట్ గొట్టాలే కనిపిస్తాయి. ఆవిడకి అవీ కనిపించేవి కావు, వాసన మాత్రం తెలిసేది. "ఈరోజు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు" అనేది, గాలి ఇటు తిరిగినప్పుడు.

మొదటి వారమే ఆవిడకి నేను ఓడ కెప్టెన్‌గా చేశానని చెప్పాను. కాకినాడ రేవు నుంచి రంగూన్ దాకా బియ్యం, తిరుగు ప్రయాణంలో ఏనుగులు. ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విని, "ఏనుగుకి ఓడలో కడుపు తిప్పితే ఏం చేశావు?" అంది. నేను తడుముకోకుండా అల్లం మురబ్బా అన్నాను. ఆ రోజునుంచి నన్ను కెప్టెన్ అనే పిలిచేది. నేను మామ్మగారూ అనేవాణ్ణి. అర్థం ఏమిటని అడిగింది. నాన్నకి అమ్మ అని చెప్తే, "అంత ముసలిదాన్నా?" అని కసిరి, వద్దని మాత్రం అనలేదు.

ఆవిడ వాళ్ళ నాన్న గురించి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఇటు తిప్పినప్పుడు కొంచెం, అటు తిప్పినప్పుడు కొంచెం.

ఆయన సంగీతం రాసేవాడు. ఏ పుస్తకంలోనూ పేరు లేదు. చెక్ దేశంలోనే మోరేవియా అనే ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు. ఆ రోజుల్లో అక్కడ బడిపంతులే చర్చిలో ఆర్గన్ వాయించాలి, పిల్లలకి పాటలు నేర్పాలి, పెళ్ళికీ చావుకీ కొత్త పాట కావాలంటే రాసివ్వాలి. ఆయన ముప్ఫై ఏళ్ళు రాశాడు. ఒకసారి కాగితాలన్నీ మూటగట్టుకుని రైలెక్కి బ్ర్నో నగరానికి వెళ్ళి ఒక పెద్ద ప్రొఫెసర్‌కి చూపించాడట. ఆ ప్రొఫెసర్ పేజీలన్నీ తిప్పి, "మీ చేతిరాత చాలా శుభ్రంగా ఉంది" అన్నాడట. అంతే. ఆయన తిరిగొచ్చి మూట విప్పలేదు. వాళ్ళమ్మ విప్పి, బట్టల బీరువాలో పెట్టింది.

తర్వాత కమ్యూనిస్టుల ప్రభుత్వం వచ్చి, బళ్ళో పాఠం చెప్పేవాడు చర్చిలో ఆర్గన్ వాయించకూడదంది. ఏదో ఒకటి ఎంచుకోమంది. ఇంట్లో భార్య, కూతురు. ఆయన బడినే ఎంచుకున్నాడు. చర్చి తాళంచెవి తిరిగి ఇచ్చేశాడు.

"ఆ తర్వాత వంటింటి బల్ల మీద వాయించేవాడు" అంది మామ్మగారు.

"బల్ల మీదేంటండీ?"

"బల్ల మీదే. చప్పుడు రాకూడదుగా. పదివేళ్ళూ బల్లకి పరిచిన నూనెగుడ్డ మీద ఇలా." చేతులు దుప్పటి మీద పెట్టి చూపించింది. వణికే చేతులు కదా, ఏది చూపించడమో ఏది జబ్బో తెలియలేదు. "ఆర్గన్‌కి కాళ్ళతో వాయించే మెట్లుంటాయిగా, కింద కాళ్ళు కూడా ఆడేవి. చెప్పులు లేకుండా. నేను బల్ల కింద కూర్చుని చూసేదాన్ని. నాకు నేర్పమంటే, 'నీకొద్దు' అన్నాడు. ఒక్క అక్షరం నేర్పలేదు."

ఆ బల్ల మీద తయారైన పాట ఒకటే ఆవిడ దగ్గర ఉంది. వాళ్ళ దేశంలోకి ట్యాంకులు వచ్చిన ఏడాది ఆవిడ బిస్కెట్ల డబ్బాలో ఆ కాగితాలు పెట్టుకుని బయటపడింది. మరుసటేడు వాళ్ళ నాన్న పోతే చివరిచూపుకి వెళ్ళలేకపోయింది. ఆ డబ్బా నా చేత తెప్పించింది. పదకొండు కాగితాలు, గోధుమరంగు సిరా. ఐదు పాళీలు ఒకే పిడికి బిగించిన కలంతో స్వరాలు రాసుకునే గీతలు ఆయనే గీసుకునేవాడట. కాగితాలు కొనే స్తోమత లేక బళ్ళో పిల్లలు బొమ్మలేసి పారేసిన వాటి వెనకవైపు వాడేవాడు. ఒకదాని వెనక గుర్రం బొమ్మ ఉంది, ఐదు కాళ్ళు.

"అది నేనేసిందే. ఐదోది తోక" అంది.

"దీన్ని ఎవరిచేతా వాయింపించలేదా ఇన్నేళ్ళూ?"

డబ్బా అంచు వేలితో తడిమింది. పోనీలే ఆ సంగతి అని నేను దుప్పటి సర్దుతుంటే, "బాగుండదేమోనని భయం" అంది. "వాయిస్తే తెలిసిపోతుంది కదా కెప్టెన్. ఆయన బతుకంతా ఇందులో పెట్టాడు. ఆ ప్రొఫెసర్ అన్నదే నిజమైతే? ఇప్పుడు నేను పోయేముందు తెలిసినా ఫరవాలేదనిపిస్తోంది. ఒక్కసారి వింటే చాలు. నీకు సంగీతం వచ్చన్నావుగా?"

అన్నాను. ఏనుగులతోపాటు అదీ చెప్పాను. చర్చిలో కీబోర్డ్ వాయిస్తానన్నది అబద్ధం కూడా కాదు.

"వచ్చు. రెండు వారాలు టైమివ్వండి" అన్నాను.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. మన తెలుగు చర్చి పాటల పుస్తకంలో పాట మాత్రమే ఉంటుంది. పైన రాగం పేరు, తాళం పేరు. స్వరాలు ఉండవు. వరుస అమ్మ నోటినుంచో, పాస్టరుగారి నోటినుంచో వచ్చి చెవిలో ఉండిపోతుంది. మా నాన్న ఆరువందల పాటలు అలాగే వాయించాడు. నేనూ అంతే. గీతల మీద పురుగుల్లా పాకే ఆ చుక్కలు నాకు ఒక్కటీ తెలియదు.

తెలిసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మాయి ఇక్కడే పెరిగింది, ఆరేళ్ళ వయసునుంచి పియానో క్లాసులకి వెళ్ళింది. పద్నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారం నేను చర్చిలో మైకు పట్టుకుని, మా అమ్మాయి వచ్చే నెల సిటీ ఆర్కెస్ట్రాతో వాయించబోతోందని చెప్పాను. అందరూ వచ్చి దాని చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. ఒక ఆంటీగారు కేక్ తెచ్చారు. ఆర్కెస్ట్రా లేదు, ఏమీ లేదు. ఇంటికొచ్చి అది పియానో మూత వేసింది. ఎనిమిదేళ్ళయింది, తియ్యలేదు. ఆ మూత మీద ఇప్పుడు మా ఇంటి రౌటర్ ఉంటుంది. ఆ పిల్ల దగ్గరికెళ్ళి, నాకు రాదు, నువ్వు చదివి పెట్టు అనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి మన పద్ధతిలో చదివాను. పైన తాళం ఎక్కడుందని వెతికితే '3' అంకె కనిపించింది. మూడు లెక్కన్నమాట అనుకున్నాను. చుక్కలు పైకి పోతే పైకి, కిందికి వస్తే కిందికి. మిగతాది మనసులో ఉన్నదానితో నింపేశాను. మనసులోంచి వచ్చింది మా ఊళ్ళో సమాధి దగ్గర పాడే పాట. మూడు లెక్కలో నెమ్మదిగా సాగుతుంది, మట్టి వేసేటప్పుడు పాడతాం. ఎడమచేతికి, స్వరాలు కలిపి ఒకేసారి నొక్కే కార్డులు నాలుగు తగిలించి, మధ్యలో రెండుచోట్ల గంభీరంగా ఆగితే అచ్చం యూరప్‌లా అయింది. నాకే ముచ్చటేసింది.

ఒక బుధవారం మధ్యాహ్నం హోమ్ లాంజ్‌లో పాత పియానో మీద వాయించాను. మామ్మగారిని చక్రాల కుర్చీలో తెచ్చి పక్కనే పెట్టాను. నీలం శాలువా వేయించుకుంది. ఇంకో ఆరుగురు ముసలివాళ్ళు, ఇద్దరు నిద్రలో. మా ఫ్లోర్ నర్సమ్మ గుమ్మంలో నిలబడింది. నేను కాగితాలు ముందు పెట్టుకుని, చదువుతున్నట్టు కళ్ళు కదుపుతూ, సరైన చోట్ల పేజీ కూడా తిప్పాను.

అయిపోయాక ఆవిడ ముక్కు కారుతుంటే తుడిచాను. అప్పుడు నా మణికట్టు దొరకబుచ్చుకుని, "బాగుంది కదూ?" అంది. నన్ను మెచ్చుకోవడం కాదు, అడుగుతోంది. "నిజంగా బాగుంది కదూ కెప్టెన్?"

"చాలా బాగుందండీ" అన్నాను. ఆ మాట నిజమే.

"ఆ ప్రొఫెసర్ గాడిద" అంది.

పెన్సిల్ అడిగింది. మొదటి కాగితం మీద ఖాళీ ఎక్కడుందో తన వేలు పట్టి చూపించమని, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో తన భాషలో రాసింది. ఏం రాసిందో చదివి చెప్పింది కూడా. ఊరు, తారీకు, 'మొదటిసారి వాయించబడింది', కింద 'కెప్టెన్'. సంగీతం రాసేవాళ్ళ కాగితాల మీద అలా రాసే ఆనవాయితీ ఉందట. ఆవిడ పోయాక ఈ కాగితాలు వాళ్ళ ఊరి మ్యూజియంకి పంపాలని ముందే రాయించిపెట్టింది. అక్కడ ఉంటుంది నా సంగతి అనుకుని ఆ రాత్రి నేను బిర్యానీ తెప్పించాను.

ఆదివారం చర్చిలో ఈ కథ చెప్పకుండా ఎలా ఉంటాను? మోరేవియా ఎంబసీ వాళ్ళు వచ్చినట్టు చెప్పాను. మోరేవియాకి ఎంబసీ లేదని ఎవరికీ తెలియదు. మా అమ్మాయి వెనక బెంచీలో ఉంది. ఇంటికొచ్చాక, "డాడ్, నువ్వు షీట్ మ్యూజిక్ చదవలేవు కదా" అంది.

"ఇప్పుడు నేర్చుకున్నా."

"ఎక్కడ? ఓడలోనా?"

కాగితాలు ఫోటో కాపీలు తీయడానికి ఇంటికి తెచ్చాను. అది వాటిని లాక్కుని ముందు వెనక్కి తిప్పి చూసింది. రౌటర్ కిందపెట్టి మూత తీసింది. నేను వంటింట్లోకి వెళ్ళి సింకులో గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. కడగాల్సినవి రెండే ఉన్నాయి.

హాల్లోంచి వచ్చిన చప్పుడు పాటలా లేదు. మూడు స్వరాలు కిందికి దిగేవి, ఆగేవి, మళ్ళీ అవే దిగేవి. గదిలో ఒక మనిషి పచార్లు చేస్తున్నట్టుంది. తలుపు దాకా వెళ్ళి తియ్యకుండా వెనక్కి వస్తున్నట్టుంది. తప్పులు పోయినచోట అమ్మాయి మళ్ళీ మొదటికి వెళ్ళేది.

"ఇక్కడ ఇది మ్యూజిక్ నోటా, గుర్రం కంటి చుక్కా?" అని అరిచింది. వెనకనున్న బొమ్మ సిరా ఇటు దిగింది.

తడిచేతులతో వెళ్ళాను. "ఆ 3 చూశావా? అది మూడు లెక్క..."

"అది మూడో పాట అని నంబర్, డాడ్. లెక్క ఇది." సి అక్షరంలాంటి వంకర చూపించింది. నేను దాన్ని అలంకారం అనుకున్నాను. "ఫోర్. కింద లైన్ కాళ్ళకి, అది నేను వదిలేస్తున్నా. నువ్వేం వాయించావు అక్కడ?"

చెప్పాను. సమాధి పాట అన్నాను. అది నవ్వుతుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. పియానో మీద చేతులు అలాగే పెట్టుకుని, "ఆవిడ దీన్ని ఎప్పుడూ వినలేదా? ఒక్కసారి కూడా?" అంది.

"లేదు. బల్ల చప్పుడే విన్నది."

"మరి నువ్వు వాయించిందే వాళ్ళ నాన్నది అనుకుంటోంది."

"సంతోషంగా ఉంది తల్లీ. అన్నం కూడా తింటోంది."

"డాడ్. చెప్పు ఆవిడకి."

నాలుగు రోజులు చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ స్నానం చేయిస్తుంటే, బట్టలు మారుస్తుంటే మామ్మగారు ఆ పాటే సన్నగా తీస్తూ ఉండేది. మట్టి వేసేటప్పటి పాట. ఆవిడ వీపు రుద్దుతూ అది వినడం ఎలా ఉంటుందో నేను రాయలేను. ఐదోరోజు ఆవిడకి జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. డాక్టరు చూసి బయటికొచ్చి నర్సమ్మతో మెల్లగా మాట్లాడాడు. ఆ పని చేసేవాళ్ళకి ఆ మెల్లదనం అర్థమవుతుంది.

మా అమ్మాయి వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి తీసుకెళ్ళాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మామ్మగారూ, ఆరోజు నేను వాయించింది మీ నాన్నగారిది కాదండీ. నాకు చదవడం రాదు. అది మా ఊరి పాట. ఇది మీ నాన్నగారిది" అన్నాను. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటలూ ఇంట్లో అద్దం ముందు అనుకుని వచ్చాను.

"ఏనుగుల కథలా ఉంది" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండా.

"కాదండీ. ఒట్టు."

ఫోన్ దిండు మీద పెట్టాను. మూడు స్వరాలు దిగాయి, ఆగాయి, మళ్ళీ దిగాయి. ఒక నిమిషం అయి ఉంటుంది. ఆవిడ మొహం బిగుసుకుంది.

"ఆపు."

"ఇంకొంచెం వినండి, తర్వాత..."

"ఇది మా నాన్నది కాదు. ఇందులో ఏమీ లేదు. ఎవరో చలిలో నిలబడ్డట్టుంది. మా నాన్నది నువ్వు వాయించావుగా. ఎందుకు ఇప్పుడు నన్ను ఇలా... ఆపు కెప్టెన్."

ఆపాను. మొహం గోడవైపు తిప్పుకుంది. దుప్పటి మీద ఆవిడ వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మూడు కిందికి, ఆగి, మళ్ళీ మూడు. ఇక్కడ నాలాంటివాడికి ఎంత నోరూరుతుందో ఊహించండి. నోటితో కాదన్నా వేళ్ళు వాళ్ళ నాన్న బల్లని గుర్తుపట్టాయని రాయొచ్చు. ఆవిడది వణుకుజబ్బు. ఆ వేళ్ళు రోజంతా కదిలేవి.

కాసేపయ్యాక, "నేను పోతే నువ్వే వాయించాలి. అదే పాట. మాటివ్వు" అంది. ఇచ్చాను. మూడో రోజు తెల్లవారుజామున పోయింది. డ్యూటీలో వేరేవాళ్ళున్నారు.

ఫ్యూనరల్ హోమ్‌లో చిన్న గది. మా నర్సమ్మ, ఆవిడ పాత ఇంటి పక్కన ఉండే ఒక ఇటాలియన్ ముసలాయన, పాదిరిగారు, నేను, మా అమ్మాయి. పెట్టె మూసే ఉంది. మూలన ఒక ఎలక్ట్రానిక్ ఆర్గన్. కార్లోనే అమ్మాయి చెప్పింది: "వాళ్ళ నాన్నది అని చెప్పి నువ్వు అది వాయిస్తే నేను లేచి వెళ్ళిపోతా."

"మాటిచ్చాను తల్లీ."

"వాయించు. అదేంటో చెప్పి వాయించు."

నిలబడి చెప్పాను. ఇప్పుడు వాయించేది మా గోదావరి ఒడ్డున మనుషుల్ని పూడ్చేటప్పుడు పాడే పాట అనీ, ఆవిడకి దీన్ని వాళ్ళ నాన్నదని అబద్ధం చెప్పాననీ. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, పక్కనున్న ముసలాయనతో, "ఈయన ఇంతే. రోజుకో కథ" అంది. ఆయన నాకేసి తలూపాడు, పరవాలేదులే అన్నట్టు. ఇక ఏం చెప్పను? కూర్చుని వాయించాను. ఆ పాట ఉండవలసిన చోట ఉన్నది ఆ ఒక్కరోజే.

తర్వాత మా అమ్మాయి కూర్చుంది. రెండుచోట్ల ఆగిపోయింది. ఒకచోట సారీ అని మళ్ళీ మొదలుపెట్టింది. చివర ఎటూ తేలకుండా వేలాడే కార్డు ఒకటి ఉంది, దాని మీదే అయిపోతుంది. ఎవరికీ అయిపోయిందని తెలియలేదు. పాదిరిగారు కాసేపు చూసి పుస్తకం తెరిచారు. బయటికొచ్చేటప్పుడు నర్సమ్మ నా చెవిలో, "మీ అమ్మాయి బాగా వాయించింది గానీ, ఆవిడ నాన్నగారిదే బాగుంది. మీరు వాయించింది" అంది.

ఆ పాట మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పటికి పాతికసార్లు విని ఉంటాను. ఇష్టపడదామని వింటాను. ఒక్కోసారి దాంట్లో నూనెగుడ్డ మీద వేళ్ళు వినిపిస్తాయి. ఒక్కోసారి ఆ ప్రొఫెసర్ వినిపిస్తాడు.

కాగితాలు మ్యూజియంకి పంపాల్సిన రోజు వంటింటి బల్ల మీద పరిచాం. మొదటి కాగితం మీద ఆవిడ పెన్సిల్ రాత. రబ్బరు తెచ్చాను కూడా. ఆ వంకర అక్షరాలు చూసి పక్కన పెట్టేశాను. ఆవిడ చివరగా రాసినవి అవి. వాటి కింద పెన్నుతో తెలుగులో రాశాను. పైన రాసింది తప్పు, ఆరోజు నేను వాయించింది ఇది కాదు, దీన్ని మొదట వాయించింది మా అమ్మాయి అని.

"ఏం రాశావు?" అంది అమ్మాయి. దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు.

చదివి వినిపించాను.

"అక్కడ తెలుగు ఎవరికొచ్చు డాడ్?"

"ఎవరో ఒకళ్ళు ఉంటార్లే. ఆ ఊళ్ళో మన భీమవరం వాళ్ళు ఒక రొయ్యల..."

"డాడ్."

అది పెన్ను నా వైపు మళ్ళీ తోసింది. దాని కింద ఇంగ్లీషులో రాశాను. అదే, మాటకి మాట. అప్పుడు ఇంకొకటి కూడా రాయాలంది, ఆవిడకి వినిపించిన సంగతి. రాశాను: ఆవిడ కొంచెం విని, ఇది మా నాన్నది కాదంది.

నా చెయ్యి ఆగలేదు. 'కానీ ఆవిడ వేళ్ళు' అని మొదలుపెట్టింది. మా అమ్మాయి నా భుజం మీదుగా చూస్తోంది. ఆ మూడు మాటలూ కొట్టేసి, పెన్నుకి మూత పెట్టాను.